ఏడు మడతలు

తార్తులో, నిద్ర ల్యాబులో, రాత్రంతా నాదే.
అద్దానికి అవతల ఎవరో ఒకరు పడుకుంటారు,
ఇవతల కూర్చుని వాళ్ళ నిద్రకి కాపలా కాస్తాను.
జీతం తక్కువే. కాఫీ మాత్రం ఆస్పత్రిది.

ఈ వారం యెవ్‌స్తాఫి.
పేయిప్సి సరస్సు ఒడ్డున ఉల్లి పండించేవాడు,
అరవై రెండేళ్ళు, తల మీద ఇరవై మూడు వైర్లు,
గడ్డానికి జిగురు అంటిందని కోపం.
వస్తూ వస్తూ జడల్లిన ఉల్లిపాయలు తెచ్చాడు నాకు.
గదంతా ఆ వాసనే.

"పదకొండేళ్ళుగా తన్నుతున్నాడు" అంది ఉలీతా,
ఫిర్యాదులా కాదు, ఎండో వానో చెప్పినట్టు.
ఒకరు దయ్యమన్నారట, ఒకరు తాగుడన్నారట.
కుర్ర డాక్టరు పీడకలలని నిద్రమాత్ర రాశాడు,
ఇంకో ఆయన కాళ్ళ జబ్బని ఇనుము మాత్రలు.
ఒక చలికాలమంతా ఆయన చీలమండని
తన తలగుడ్డతో మంచంకోడుకి కట్టింది.
పొద్దున్నే ముడి విప్పుతూ ఇద్దరూ నవ్వుకునేవాళ్ళట.
తర్వాత నవ్వడం మానేశారు.
ఎందుకని నేను అడగలేదు.

రాత్రి ఒంటిగంటా పది.
తెర మీద గీతలు దువ్విన జుట్టులా సాఫీగా.
ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు,
కళ్ళున్నాయి, చూపు లేదు.
కుడిచెయ్యి వల లాగింది,
ఎడమకాలు పడవని ఒడ్డు నుంచి నెట్టింది,
ఒక పొట్టి అరుపు,
వెనక్కి వాలడం, గురక.
గీతలన్నీ పిచ్చిగీతలు. అది మెదడు కాదు,
దవడ కండరాల గోల.
నెత్తి మీద అంటించిన వైర్లకి
లోలోపలి గుసగుస అందదు.

"తేలలేదు" అని రాయబోయాను.
చాలామందికి అలాగే రాశాను.

నడవాలో ఉలీతా మేలుకునే ఉంది.
చేతిలో తోలు జపమాల, వాళ్ళ పాత మతం వాళ్ళది,
పూసలుండవు, చిన్న చిన్న మడతలు, నిచ్చెనమెట్లలా.
నా రష్యన్ అరకొర, ఆమె ఎస్తోనియన్ అంతకన్నా.
"ఏడు" అంది, నేనేమీ అడగకుండానే.
గోడ అవతలి అరుపు విందట.
మడతకో ప్రార్థన, ఆయన లేచింది మొదలు వాలేదాకా.
పదకొండేళ్ళు, రాత్రికి మూడుసార్లు, నాలుగుసార్లు,
ఏడే. ఆరు కాదు, ఎనిమిది కాదు.
"చెయ్యి ముందా, కాలు ముందా?"
వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.
"చెయ్యే. ఎప్పుడూ చెయ్యే."

లోపలికి పరిగెత్తాను.
తెల్లారేదాకా ఆగి, మూడు రికార్డింగులు
పక్కపక్కన పెట్టి ఒకేసారి నడిపాను.
ముగ్గురు యెవ్‌స్తాఫిలు ఒక్కసారే లేచారు,
మూడు వలలు, మూడు పడవలు, ఒకటే అరుపు.

కలకి అంత జ్ఞాపకం ఎక్కడిది?
కల అబద్ధాలకోరు,
ఒక రాత్రి కుక్క తరిమితే ఇంకో రాత్రి మంచు పగులుతుంది.
నిద్రలో నడిచేవాడు కూడా
ఇవాళ తలుపు తీస్తాడు, రేపు అలమర.
పొల్లు పోకుండా అదే పాఠం అప్పజెబుతోందంటే
చదివించేది వేరే ఎవరో.

డాక్టర్ సాల్మే ఏడు ప్రార్థనలు చదవమంది.
ఉలీతా చదివింది. ఇరవై ఆరు సెకన్లు.
సాల్మే పెన్ను కింద పెట్టింది.

మూర్ఛ అనగానే యెవ్‌స్తాఫి మొహం గంటుపెట్టుకున్నాడు.
"నేనెప్పుడూ పడలేదే!"
"పడుకునే ఉంటివి, ఇంకెక్కడ పడతావు?" అంది ఉలీతా.
అప్పుడు నవ్వారు, ఇద్దరూ.

మార్చిలో ఫోన్ చేసింది.
రాత్రికో మాత్ర. మనిషి కదలడం లేదు, దుంగలా నిద్ర.
"నాకే పట్టడం లేదమ్మా.
ఒంటిగంట దాటగానే చెయ్యి మాల కోసం వెతుకుతుంది.
ఊపిరి ఉందా లేదా అని ఆయన ముక్కు దగ్గర వేలు పెడతాను."
దానికి మా దగ్గర ల్యాబు లేదు.
అలవాటవుతుందిలే అన్నాను.

తెర పక్కన ఉల్లిజడ ఇంకా వేలాడుతోంది.
మొలకలొచ్చాయి. ఇంట్లో ఉల్లి నిండుకుంది,
అయినా తెంపబుద్ధి కాలేదు.